నల్ల తీగకు చుట్టిన టేపు

మా కారులో స్టీరియో బిగించింది నేనే. ఖరగ్‌పూర్ మొత్తం మీద అంత పొందిగ్గా బిగించినవాడు ఇంకొకడు లేడు. సరే, ఖరగ్‌పూర్ అనకండి, మా వీధి అనండి. వీధిలో మిగతావాళ్ళంతా షాపులో బిగించుకున్నారు కాబట్టి ఈ మాటకు ఎదురు లేదు.

నేను రైల్వే వర్క్‌షాపులో రిటైరైనవాణ్ణి. రైలు పెట్టెల్లో లైట్లు, ఫ్యాన్లు, వాటి తీగలు, ఇవీ మా సెక్షన్ పని. హౌరా నుంచి వాల్తేరు దాకా చీకట్లో పోయే ప్రతి ప్రయాణికుడికీ వెలుగిచ్చింది ఈ చేతులేనని చెప్పుకుంటూ ఉంటాను. నిజానికి ఎక్కువకాలం పెట్టెల కింద బ్యాటరీల్లో నీళ్ళు పోశాను. ఆ నీళ్ళు లేకపోతే మాత్రం వెలుగెక్కడిది?

రిటైరయ్యాక నా చేతులకు ఇంట్లో సామాన్లే దొరికాయి. టేబుల్ ఫ్యాను బాగుచేశాను, అప్పటినుంచి అది గోడకే గాలి విసురుతోంది. మిక్సీ బాగుచేశాను, దాని సంగతి మా ఆవిడ చెబితేనే బాగుంటుంది. ఆవిడ చివరికి నా పనిముట్ల సంచి మీద కన్నేసింది.

"ఇంకొక్కటి సెడగొట్టండి సూద్దాం. ఆ సంచి పాత సామాన్ల కబాడీవోడికి ఏసెయ్యకపోతే నన్నడగండి."

అది కాన్వాసు సంచి. ఉద్యోగంలో చేరినప్పటినుంచి నా భుజానే వేలాడింది. అందులో స్క్రూడ్రైవర్ పిడి నా అరచేతి ఆకారానికి అరిగిపోయింది. అది పోతే ఇక నేను వరండాలో పేపరు చదువుకునే ముసలాణ్ణి, అంతే.

సరిగ్గా అప్పుడే మా సెకండ్‌హ్యాండ్ కారులో పాత స్టీరియో మూగబోయింది. మా బావమరిది శ్రీకాకుళం నుంచి వస్తున్నాడు. మా ఆవిడా, మా సుభాష్‌పల్లి పేట ఆడవాళ్ళూ అమ్మవారి పూజకు పాడిన పాటలు పెన్‌డ్రైవులో ఎక్కించి ఉన్నాయి. స్టేషన్ నుంచి ఇంటికొచ్చే దారిలో తమ్ముడికి అవి వినిపించాలని ఆవిడ కోరిక. గోల్‌బజార్లో కొత్త స్టీరియో కొన్నాం. దుకాణదారు "బైఠియే దాదా, ఫిటింగ్ కర్ దేతే హై" అంటూ, కూర్చో అన్నా, బిగించిస్తానన్నాడు. నేను నవ్వి, డబ్బా చంకన పెట్టుకున్నాను. ఆ నవ్వు మా ఆవిడకు నచ్చలేదు.

"సరే, మీరే బిగించండి. రేపు మజ్జానం బండికి తమ్ముడొస్తాడు. అప్పటికి పాట రాకపోయిందా, సంచి ఎల్లిపోద్ది."

మర్నాడు పొద్దున్నే పక్కింటాయన స్టూలు పట్టుకుని వచ్చాడు. అతనూ మా సెక్షన్‌లో రిటైరైనవాడే. ఇద్దరం డాష్‌బోర్డు పలక ఊడదీసి పాత స్టీరియోను బయటికి లాగాం. వెనక రంగురంగుల తీగలు. వాటిలో ఒక నల్ల తీగను లోపలి ఇనుప పట్టీకి మరతో బిగించేశారు. అంటే కారు ఒంటికే!

"ఇదిగో, ఇది సూసినావా?" అన్నాను. "తీగట్టుకెల్లి బాడీకి బిగించినారు!"

"ఓర్నాయనో! ఇన్నాల్లూ ఇలాగే తిరిగినావేటి?"

"పాతది ఎందుకు సచ్చిందో తెలిసిపోనాది."

రైలు పెట్టెలో కరెంటు వెళ్ళే తీగ వేరు, తిరిగొచ్చే తీగ వేరు. ఆ రెంటిలో ఏదీ పెట్టె ఇనుముకు తగలకూడదు. తగిలితే లీకేజీ. అది దొరికేదాకా మాకు టీ లేదు. ఉద్యోగమంతా ఆ వేటలోనే గడిచింది. అందుకని ఇద్దరం ఒక్క మాట మీద, కొత్త స్టీరియో నల్ల తీగ కొనకు టేపు దట్టంగా చుట్టి, ఎక్కడా తగలకుండా పక్కకు పెట్టాం. మిగతా తీగలు రంగుకు రంగు కలిపాం.

"షాపోడు సేస్తాడేటి ఇలాగ?" అన్నాడు పక్కింటాయన.

పెన్‌డ్రైవు గుచ్చి బటన్ నొక్కాను. చప్పుడు లేదు. ఫ్యూజు చూశాను, బాగుంది. తీగలన్నీ విప్పి మళ్ళీ కలిపాను. చప్పుడు లేదు. తల తిప్పితే గుమ్మంలో మా ఆవిడ. ఆవిడ చేతిలో నా సంచి. వీధి మలుపులోంచి కబాడీవాడి కేక: "లోహా భాంగా... టీన్ భాంగా..."

భయపడలేదు నేను. ఫ్యూజు ఇంకోసారి ఊడదీసి చూశాను, ఊరికే. అప్పటికది నాలుగోసారి అనుకోండి.

ఆ కంగారులో స్టీరియోను గూట్లోకి ఒక్క తోపు తోశాను. అంతే, డాష్‌బోర్డులోంచి మా ఆవిడ గొంతు ఖంగుమంది! ఆవిడేమో గుమ్మంలో నోరు మూసుకునే ఉంది. పక్కింటాయన స్టూలు మీంచి లేచిపోయాడు.

"వొదినా! నువ్వు అక్కడున్నావా, ఇందులో ఉన్నావా?"

పాట ఆగిపోయింది. మళ్ళీ తోశాను, పాడింది. వెనక్కి లాగాను, ఆగింది. వంగి చూస్తే స్టీరియో ఇనుప వీపు ఆ పట్టీకి తగిలినప్పుడే పాట వస్తోంది. ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

"దాదా," అన్నాడు పక్కింటాయన గొంతు తగ్గించి, "కారుకి తిరిగొచ్చే తీగ లేదు. దీనికి ఇనప ఒల్లే తీగ."

"గట్టిగా అనకు. ఆవిడ ఇంటాది."

టేపు విప్పాను. ఆ నల్ల తీగను ఇనుముకు బిగించడానికి మాత్రం చెయ్యి రాలేదు.

"నువ్వు బిగించు."

"నా వల్ల కాదు దాదా. పెద్ద మిస్త్రీ సూస్తే సంపేస్తాడు."

వర్క్‌షాపులో మా పని తనిఖీ చేసే ఆ పెద్ద మిస్త్రీ పోయి చాలా కాలమైంది. అయినా ఒకసారి గేటు వైపు చూసి, మొహం పక్కకు తిప్పుకుని మర బిగించాను. పాట అందుకుంది, ఈసారి ఆగలేదు.

కబాడీవాడు గేటు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. మా ఆవిడ సంచి వైపు చూసింది, కారు వైపు చూసింది. రెండో చరణం దగ్గర తనూ గొంతు కలిపింది. తర్వాత సంచి నా ఒళ్ళో పడేసి, పాత స్టీరియో తీసుకెళ్ళి వాడి బండిలో వేసింది.

"సంచి ఉండనియ్యండి. మిక్సీ జోలికి మటుకు ఎల్లకండి."

మధ్యాహ్నం స్టేషన్ దగ్గర బావమరిది కారెక్కాడు. పాట మొదలవగానే కళ్ళు పెద్దవి చేశాడు.

"అక్కా, నువ్వేనేటి? ఎంత బాగుందో! ఎవులు బిగించినారు బావా?"

"నేనే. అసలేటైందంటే, కారులో పెద్ద లీకేజీ ఉండీది. దాన్ని నేను కనిపెట్టి..."

నా పక్క సీట్లోంచి మా ఆవిడ చెయ్యి చాచి సౌండు పెంచేసింది. మిగతాది అతనికి వినబడలేదు. అదీ ఒకందుకు మంచిదే అయింది.