టికెట్టు కొని మా ఆట చూసిన సారు

మొన్న శుక్రవారం పొద్దున, నేను ఆట నేర్పే తిమ్మాజిపేట బడిలో పిల్లలను ప్రార్థనకు నిలబెడుతుండగా ఫోన్ మోగింది. వనపర్తి నుంచి మా సారు భార్య. మేమంతా ఆమెను అమ్మా అనే పిలుస్తాం. "బిడ్డా, మీ సారు పోయిండు. చాయ్ తాగి కుర్చీల కూసున్నోడు కూసున్నట్టే పోయిండు. దవాఖానకు తీస్కపోనీకి గూడ టైం ఇయ్యలె," అన్నారు. ఫోన్ పెట్టేసే ముందు, "జర ఏమన్న తిని రా బిడ్డా, ఈడ ఎంతసేపైతదో," అన్నారు. ఆ ఇంట్లో ఎప్పుడూ అంతే. ఎవరొచ్చినా ముందు తిన్నారా లేదా అని అడుగుతారు.

ఆదివారం పేపర్లో సారు గురించి నాలుగు వాక్యాలు వేశారు. అందులో మూడు ఆయన రాజీనామా గురించే. కెప్టెన్ మీద వచ్చిన వివాదంలో జాతీయ జట్టు కోచ్ పదవి వదులుకున్న వ్యక్తి అని రాశారు. ఆ కెప్టెన్ని నేనే. కాబట్టి మిగతా కథ నేనే చెప్పాలి.

సారుది కోడేరు. అమ్మానాన్నలు కూలి పనులు చేసి, ఏడాదిలో సగం రోజులు వలసల్లో గడిపినవాళ్లు. ఆయన వ్యాయామ ఉపాధ్యాయుడిగా అయిజకు వచ్చినప్పుడు నేను ఏడో తరగతి. మా బడి మైదానంలో సగం రాళ్లు, సగం ముళ్లకంప. వారం రోజులు మాతో కలిసి రాళ్లు ఏరి, ఎనిమిదో రోజు బంతి బయటికి తీశారు. "ఆడపిల్లలకు ఫుట్‌బాలేంది సార్?" అని మా నాయన అడిగితే, "కాళ్లు మొగోళ్లకే ఉంటయానే?" అన్నారు.

సారు జేబులో ఎప్పుడూ ఉడకబెట్టిన పల్లీలుండేవి. బాగా ఆడినవాళ్లకు గుప్పెడు, ఆడనివాళ్లకు రెండు గుప్పెళ్లు. అదేమిటని అడిగితే, "బలం లేకనే కదా ఆడలె," అనేవారు. విజిల్ మెడలో వేలాడేది గానీ ఊదింది నేను చూడలేదు. మేం తల వంచుకుని బంతినే చూస్తూ పరుగెత్తితే ఆయనకు ఒళ్లు మండేది. "జర తల ఎత్తి చూడు బిడ్డా. బంతి నీ కాళ్లకాడనే ఉన్నది, యాడికి పోదు. నీతోటి ఎవరున్నరో చూడు." గోల్‌కీపర్‌ను ఎవరైనా తిడితే మాత్రం ఊరుకునేవారు కాదు. "గోల్ పడ్డది మన పదకొండు మందికి. ఆమెకొక్కదానికి కాదు," అని ఆ తిట్టినమ్మాయినే పది నిమిషాలు గోల్‌లో నిలబెట్టేవారు. నేనూ రెండుసార్లు నిలబడ్డాను.

సారు హాజరు పిలిచే పద్ధతి కూడా వేరు. ఎవరు వచ్చారని అడగరు. "ఇయ్యాల ఎవరు రాలె?" అని అడుగుతారు. మా దిక్కు విత్తనపత్తి చేలల్లో పూలకు పుప్పొడి అద్దే పని ఉంటుంది, క్రాసింగు పని అంటారు. ఆ రోజుల్లో బడి పిల్లల్లో సగం మంది చేలల్లోనే తేలేవాళ్లు. వెనక్కి తిరిగి చూసుకోకుండా, "సార్, ఇద్దరు క్రాసింగుకు పోయిన్రు, ఒకామెకు జరమొచ్చింది, ఇంకొకామె ఎందుకు రాలెనో తెల్వదు, ఇంటికి పోయి చూస్త," అని ఎవరు చెప్పగలిగితే వాళ్లే కెప్టెన్. అందరికంటే బాగా ఆడినందుకు నేను కెప్టెన్ కాలేదు. నాకంటే బాగా ఆడేవాళ్లు ముగ్గురుండేవారు.

ఇది సారు కనిపెట్టిన పద్ధతి కాదు. మా అమ్మ కూడా వలస గుంపుతో తిరిగిన మనిషే, ఆమెకూ తెలుసు. గుంపు బస్సెక్కేటప్పుడు ఒకామె కిందనే నిలబడి అందరినీ చూసి చివర ఎక్కుతుంది. ఒక్కరు కనబడకపోయినా, ఎక్కినవాళ్లంతా మూటాముల్లెతో సహా దిగిపోతారు. ఒకరిద్దరిని ఆపి మిగతావాళ్లు వెళ్లడమనేది లేదు. భాష రాని ఊళ్లో ఆ ఇద్దరూ తప్పిపోతే ఏం చేయాలి? సారు ఆ పద్ధతినే ఆటలోకి తెచ్చారు.

తర్వాత ఆయన వనపర్తికి బదిలీ అయ్యారు. నన్నూ అక్కడి హాస్టల్లో చేర్పించారు. జిల్లా జట్టు, రాష్ట్ర జట్టు దాటి, చివరికి దేశపు జూనియర్ అమ్మాయిల జట్టుకు ఆయన కోచ్ అయ్యారు. ఎంపికల్లో నెగ్గి నేను అదే జట్టులో ఉన్నాను. అక్కడా ఆయన ఎవరు రాలేదని హిందీలో అడిగి, జవాబు చెప్పగలిగిన నన్నే కెప్టెన్ను చేశారు. వీపు మీద దేశం పేరున్న ట్రాక్‌సూట్ సారు ఇంటికి వచ్చిన రోజు వనపర్తి అమ్మ దాన్ని ఇస్త్రీ చేసి, మంచం మీద పరిచి, వాడకట్టంతా పిలిచి చూపించారు. సారు సిగ్గుతో పెరట్లోకి వెళ్లి కూర్చున్నారు. ఆయన జీవితంలో అంతకంటే పెద్ద రోజు లేదు. అది తెలిస్తేనే తర్వాతి సంగతి అర్థమవుతుంది.

పన్నెండేళ్ల కిందటి మాట. వేరే దేశాల జట్లతో పోటీలు జరిగే నగరానికి రైల్లో వెళ్తున్నాం. మైదానం చూసుకోవడానికి సారు ఒక రోజు ముందే వెళ్లారు. మాతో మేనేజరు ఉన్నాడు. ఒక జంక్షన్‌లో రైలు మారాలి. మిట్టమధ్యాహ్నం రెండో రైలు వచ్చింది. మేనేజరు తన ఏసీ పెట్టె వెతుక్కుంటూ వెళ్లాడు. అమ్మాయిలు ఎక్కుతున్నారు, నేను కింద నిలబడి చూస్తున్నాను. గోల్‌కీపర్ లేదు. ఈశాన్య కొండల నుంచి వచ్చిన పదహారేళ్ల పిల్ల. ఆమెకు హిందీ కూడా నాలుగు మాటలే వచ్చు.

"దిగుండ్రి!" అని అరిచాను. కంగారులో తెలుగే వచ్చింది. ఎవరికేం అర్థమైందో గానీ పదహారు మందీ సంచులు ప్లాట్‌ఫాం మీదికి విసిరి కిందికి దూకారు. రైలు వెళ్లిపోయింది. కడుపు పాడై, వెయిటింగు రూం బాత్‌రూంలో కూలబడి ఏడుస్తున్న ఆ పిల్ల మాకు పావుగంటకు దొరికింది. తర్వాతి ప్యాసింజరు రైల్లో నిలబడి, మర్నాటికి చేరాం.

అప్పటికే స్వాగత సభ అయిపోయింది. నిర్వాహకులు మాకోసం పద్దెనిమిది పూలదండలు తెచ్చారట. రైల్లోంచి మేనేజరు ఒక్కడే దిగాడు. ఆ ఫొటో మర్నాడు పేపర్లో పడింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ ఆ రోజు ఎవరూ నవ్వలేదు. జట్టు వ్యవహారాలు చూసే కమిటీ పెద్దలు కూర్చున్నారు. ఇద్దరిని ఆపి మిగతా జట్టును పంపాల్సింది పోయి మొత్తం జట్టును దింపేసింది, ఇది క్రమశిక్షణ లేని పని అన్నారు. నన్ను కెప్టెన్సీ నుంచి తీసేస్తున్నట్టు, దానికి కోచ్ ఒప్పుకున్నట్టు కాగితం రాసి సారు ముందు పెట్టారు. సంతకం పెడితే ఆయన పదవికి ఏ ఢోకా లేదు.

సారు కాగితం చదివి ఒక్క ప్రశ్న అడిగారట. "రైలెక్కినోళ్ల లెక్క మీరు చూసిన్రా?" అని మేనేజరును. మేం లేమని అతనికి రెండు స్టేషన్లు దాటాక గానీ తెలియలేదు. సారు ఆ కాగితాన్ని వెనక్కి తోసి, మరో కాగితం అడిగి తీసుకుని తన రాజీనామా రాశారు. ట్రాక్‌సూట్ మడతపెట్టి దాని పక్కన పెట్టారు.

బయటికి రాగానే నేను కాళ్ల మీద పడ్డాను. నావల్లే కదా సార్ అని ఏడ్చాను. లేవదీసి, "అవును, తప్పు జేసినవ్," అన్నారు. "ఇద్దరిని దింపి ఆమె తాన ఉంచితే సరిపోతుండె. నాకూ గిప్పుడే సమజయింది. కానీ గా తప్పు నేర్పింది నేను. నేర్పినోడు కొలువుల ఉండి, నేర్చుకున్నామెకు శిక్ష పడాల్నా?"

మేనేజరు సంగతి విలేకరులకు చెబుతానన్నాను. వద్దన్నారు. "గాయనకూ పిల్లలున్నరు. గాయన కొలువు తీసి మనమేం జేస్తం?" బతికున్నన్ని రోజులూ ఆ మాట బయటికి రానివ్వలేదు. ఇప్పుడు నేను రాస్తున్నాను. సారుకు కోపమొస్తే రానివ్వండి.

వనపర్తికి తిరిగొచ్చాక చాయ్ హోటల్లో ఒకాయన, "ఒక్క పిల్ల కోసం గంత పెద్ద కొలువు పోగొట్టుకుంటరా సార్?" అని అడిగాడు. "కొలువు పోలె, నేనే వచ్చేసిన," అని చాయ్ సాసర్‌లో పోసుకున్నారు. మా అమ్మ అయిజ నుంచి వచ్చి, "ఒక్కదాన్ని ఇడిసి ఎట్ల పోతరు సార్? మీరు మంచిగ జేసిన్రు," అన్నప్పుడు మాత్రం ఆయన కళ్లలో నీళ్లు చూశాను. తర్వాత పన్నెండేళ్లు బడిలో, రిటైరయ్యాక పొద్దున పూట ఊరికే, ఆడపిల్లలకు ఆట నేర్పిస్తూనే గడిపారు. జాతీయ జట్టు ఊసు ఆయనంతట ఆయన ఎన్నడూ ఎత్తలేదు. మా చుట్టుపక్కల మూడు జిల్లాల బడుల్లో ఈ రోజు ఆట నేర్పే ఆడవాళ్లలో చాలామంది ఆయన పిల్లలే. నాకు ఆ మాట ఎక్కడ చెప్పినా గొంతు పెద్దదవుతుంది.

కానీ ఆ రాజీనామా రోజున నేనూ ఆడనని మొండికేశాను. ఆయనను పంపించేసిన జట్టులో నాకేం పని? సారుకు నిజంగా కోపం వచ్చింది అప్పుడే. "నేను ఇడిసింది నా కుర్చీని. ఆట నీది. నువ్వు గూడ ఇడిస్తే నేను జేసిన దానికి ఫాయిదా ఏంది?" అన్నారు. కమిటీ నన్ను తీసేసి నా బదులు కెప్టెన్ను చేసిన అమ్మాయి చేతిపట్టీ పట్టుకుని నా గదికొచ్చి ఏడుస్తోందని చెప్తే, "ఆమెను మంచిగ చూస్కో. ఆమె ఏం జేసింది పాపం?" అన్నారు. నేనే ఆ పట్టీ ఆమె చేతికి కట్టాను. అది అంత తేలికైన పనేం కాదు.

ఆయన వెళ్లిపోతారనుకున్నాం. వెళ్లలేదు. మ్యాచ్ రోజు తెల్లచొక్కా వేసుకుని, వరుసలో నిలబడి, టికెట్టు కొనుక్కుని గ్యాలరీలో కూర్చున్నారు. సారు ఆట చూస్తే చేతులు ఊరుకోవు. మైదానం గీత పక్కన పరుగెత్తుతూ రెండు చేతులతో మాకు దారులు చూపిస్తూనే ఉండేవారు. కానీ ఇప్పుడు గీత పక్కన కోచ్‌గా ఆయన సహాయకుడు నిలబడ్డాడు. పైనుంచి చేయి ఆడిస్తే ఆ మనిషిని తక్కువ చేసినట్టవుతుందని, సారు రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నారు. ఆట రెండు సగాలూ అట్లాగే కూర్చున్నారు.

ఆట ఇంకా పది నిమిషాలుందనగా కుడివైపు నుంచి బంతి నాకు వచ్చింది. తల ఎత్తాను. కొత్త కెప్టెన్ ఎదురుగా ఖాళీలో ఉంది. ఇచ్చాను, కొట్టింది, గోల్. స్టేడియం ఊగిపోయింది. సారు పక్కన కూర్చున్న పెద్దమనిషి చప్పట్లు కొడుతూ, "ఏం మనిషివయ్యా, మన దేశం గోల్ కొడితే లేవవా?" అని కసిరాడట. తర్వాత ఆ సంగతి చెప్పి సారు కడుపుబ్బ నవ్వారు. "చేతులు బయటికి తీస్తే మల్ల మీకు దారి చూపిస్తయేమోనని భయమైంది బిడ్డా," అన్నారు.

నేను మాత్రం ఆ క్షణంలో మైదానం మధ్య నుంచి ఆయన కోసమే చూశాను. వేలమంది లేచి నిలబడి చేతులూపుతున్నారు. ఆ గ్యాలరీలో ఒక్కచోట మాత్రం మనుషుల మధ్య చిన్న ఖాళీ కనిపించింది. మా సారు అక్కడ కూర్చుని ఉన్నారు.