కత్తిరించిన అట్ట

నవనీత మునిరత్నాన్ని నిజంగా నమ్మిందా, వేరే దారి లేక నమ్మినట్టు నడుచుకుందా? ఇన్నేళ్లు గడిచినా ఆ సంగతి తేల్చి చెప్పగలిగినవాళ్లు లేరు.

పుంగనూరు బస్టాండు పక్క సందులో మునిరత్నానికి మందుల అంగడి ఉండేది. అక్కడ మాత్రల అట్టను నిండుగా కొనేవాళ్లు తక్కువ. రెండు దినాలకు కత్తిరించి ఇమ్మనడం అందరికీ అలవాటు. జ్వరం తగ్గాక మిగిలిన మాత్రలు దండగే గదా. ఎవరెంత అడిగితే అంత, మొహం చిట్లించకుండా కత్తిరించి ఇచ్చేవాడు. అందుకే మంచివాడని పేరు.

నవనీత రెండువేల రెండులో వచ్చింది. మొగుడు దేవేంద్ర శాంతిపురం దగ్గర రాళ్ల క్వారీలో పనిచేసి, ఏడాదిపాటు చిక్కి చిక్కి కన్నుమూశాడు. అతనికున్న హెచ్‌ఐవీ తనకూ ఉందని తెలిశాక ఆమె పుంగనూరులో అమ్మ వెంకటమ్మ దగ్గరికి చేరింది. మదనపల్లె టమేటా మండీలో కాయలు ఏరే కూలికి కుదిరింది. పొద్దునొకటి, సాయంత్రమొకటి, బతికినన్నాళ్లూ మింగాలని బెంగుళూరు డాక్టరు చీటీ రాశాడు. తెప్పించి ఇస్తానన్నవాడు మునిరత్నం ఒక్కడే. నెల మందుకు ఆమె కూలి మొత్తం పెట్టినా చాలదు.

"కూలి వచ్చిన కాడికి ఇయ్యప్పా," అంది. అతడు కత్తెర అందుకున్నాడు.

మండీలో పని ఉన్న వారం ఆమెకు మాత్రలు ఉండేవి. రేటు పడిపోయి రైతులు కాయల్ని రోడ్డు పక్కన పారబోసిన వారం ఏరడానికీ ఏమీ ఉండదు, మింగడానికీ ఏమీ ఉండదు. అయినా నవ్వించేది. వాళ్లమ్మకు అవి రక్తం పట్టే మాత్రలని చెప్పిందట. "ముసలామె తనకూ రెండు ఇమ్మని పోరు పెడతాండాదప్పా. యాడ దాచిపెట్టేది?" అని ఒకసారి అంది. అంగట్లో ఇంకెవరైనా ఉంటే మాత్రం వాళ్లు పోయేదాకా ఎండలో దూరంగా నిలబడేది. ముందు ఆమెకే ఇచ్చి పంపించేద్దామని మునిరత్నానికి తోచేది. పిలిచేవాడు కాడు.

మూడో నెలలో, బేరం లేని ఒక మధ్యాహ్నం, ఆమె మాత్రల డబ్బాలో మడతపెట్టి ఉన్న ఇంగ్లీషు కాగితాన్ని విప్పి చదివాడు. ఒక్క పూట కూడా మానకూడదని, మానుతూ పోతే జబ్బు ఆ మందుకు లొంగకుండా పోతుందని, తర్వాత ఎంత మింగినా పనిచెయ్యదని అందులో ఉంది. రెండుసార్లు చదివాడు. చెబితే ఏమవుతుంది? ఆమె కొనలేదు, తను ఊరికే ఇవ్వలేడు. అసలు లేనిదానికన్నా అంతో ఇంతో మేలు గదా అనుకుని కాగితాన్ని గల్లాపెట్టె కింద పెట్టేశాడు. మరుసటి వారం ఆమె వస్తే ఎప్పటిలాగే నాలుగు మాత్రలు కత్తిరించాడు.

అలా రెండున్నరేళ్లు. ఆ తర్వాత ఆమె రావడం మానేసింది. ఏమైందని అతడు ఎవరినీ అడగలేదు.

రెండువేల ఏడులో బంధువుల ఇంటికని కుప్పం పోయి తిరిగి వస్తుంటే, అక్కడి బస్టాండులో ఆమె కనిపించింది. మనిషి సగమైంది. తనే పలకరించింది. శాంతిపురంలో ఆడబిడ్డ ఇంట్లో ఉంటోందట. పెద్దాసుపత్రిలో ఇప్పుడు ఆ మాత్రలు ఊరికే ఇస్తున్నారట. ఊరికే దొరికేసరికి అవి తనకు పనిచెయ్యడం లేదట. వేరే రకం ఉంది కానీ, దాన్ని బెంగుళూరులో కొనుక్కోవాలి.

"మధ్యలో యాల మానినావని డాక్టరు అడిగినాడప్పా. నేను మాన్లేదు సార్, టమేటా రేటు మాన్పించింది అని చెప్పినా. ఆయన నవ్వలేదు."

మునిరత్నమూ నవ్వలేదు.

"మానకూడదని మాత్రల డబ్బాలో కాగితం ఉంటాదంట గదా," అంది ఆమె గొంతు తగ్గించి. "నువ్వెప్పుడైనా సదివినావా?"

ఆ అడగడంలో నిష్ఠూరం లేదు. చదివానని చెప్పడానికే అతడు నోరు తెరిచాడు.

"లేదమ్మా," అన్నాడు. "మాకంత తీరిక యాడుంటాది."

నవనీత అతని ముఖంలోకి కాసేపు చూసింది. శాంతిపురం బస్సు వచ్చి ఆగింది. ఎంత కోపమున్నా ఆ పక్క మనుషులు "పొయ్యొస్తా" అనకుండా కదలరు. అతడు ఆ మాట కోసం నిలబడ్డాడు. ఆమె కొంగు భుజం చుట్టూ కప్పుకుని, జనంలో దారి చేసుకుని బస్సెక్కింది. కిటికీ పక్కనే సీటు దొరికినా ఇటు తిరగలేదు.