ముప్పై ఐదు బ్యాచిలో బీచి వ్యాసం

పదో తరగతి మొదటి పరీక్షల మార్కులు వచ్చిన మరుసటి రోజే మా ఇంగ్లీషు మేడం క్లాసును రెండుగా చీల్చింది. పాసయ్యేవాళ్లు లోపల, తప్పేవాళ్లు వరండాలో. వరండాలో కూర్చున్న మాకు బడంతా ఒక పేరు పెట్టేసింది, ముప్పై ఐదు బ్యాచి అని. ముప్పై ఐదు మార్కులొస్తే పాసు కాబట్టి అంతవరకు నేర్పితే చాలని లెక్క. ఆ పేరు వింటేనే నాకు ఒళ్లు మండేది. ముప్పై ఆరో మార్కుకు సరిపడా నేర్పితే ఎవరి సొమ్ము పోతుందో నాకు అర్థమయ్యేది కాదు.

అది పుంగనూరులో ప్రభుత్వ బడి. మా పల్లె పెద్దపంజాణి పోయే దారిలో ఉంది. అమ్మ మా ఊరి అంగన్‌వాడీలో ఆయా. నాయన మదనపల్లె టమాటా మార్కెట్టులో ఒక మండీలో పనిచేసేవాడు. రైతులు తెచ్చిన కాయల్ని చూసి మంచివి, మెత్తవి, పచ్చివి వేరుచేసి క్రేట్లకు ఎత్తే పని. ఇంగ్లీషు తప్పితే నా గతేమిటో అమ్మ ముందే తేల్చి చెప్పింది.

"తప్పినావంటే మీ పిన్నమ్మ కూతురు మాదిరి కుట్టు కంపెనీ బస్సెక్కాల్సిందే. మళ్లీ రాస్తా, మళ్లీ కడతా అని నా కాడికి రావద్దు."

నాకు ఆ బస్సు మీద కోపమేమీ లేదు. ఆ అక్క దాంట్లో పోయే ఇల్లు నిలబెట్టింది. కానీ నేను మదనపల్లెలో ఇంటర్ చదవాలి అనుకున్నాను. అనుకున్నాక నన్ను కదపడం ఎవరి తరమూ కాదు. అమ్మ దాన్ని గాడిద మొండి అనేది, నేను పట్టుదల అనేదాన్ని.

వరండాలో మాకు పుస్తకం లేదు. పుస్తకం తెరవొద్దని మేడం గట్టిగా చెప్పింది. దాని బదులు నాలుగు జిరాక్సు కాగితాలు ఇచ్చింది. వాటిని మెటీరియల్ అనేవాళ్లు. ఒక ఫారం నింపడం, ఒక పోస్టరు, కొన్ని బిట్లు, ఒక వ్యాసం. చూసిన ప్రదేశం గురించి రాయమని పరీక్షలో తరచుగా అడుగుతారట. అందుకని ఆ వ్యాసం బీచి గురించి. "లాస్ట్ సండే ఐ వెంట్ టు ద బీచ్ విత్ మై పేరెంట్స్. ద వేవ్స్ వర్ డాన్సింగ్." మేం అందరం గొంతెత్తి చదివేవాళ్లం. మేడం మొదటిరోజు చెప్పి రాయించినప్పుడు కామా, ఫుల్‌స్టాప్ అని పలికింది కదా, మా బ్యాచి వాటిని కూడా బట్టీ పట్టేసింది. "ద స్కై వాజ్ బ్లూ కామా ద సీ వాజ్ బ్లూ ఫుల్‌స్టాప్." లోపల క్లాసువాళ్లు కిటికీలోంచి చూసి పడీపడీ నవ్వేవాళ్లు.

మాలో ఒక్కరు కూడా సముద్రం చూడలేదు. మా వైపు చెరువు నిండితేనే జనం బండ్లు ఆపి ఫోటోలు తీసుకుంటారు. అయినా అందరం గవ్వలు ఏరుకున్నాం, అందరం అమ్మానాన్నలతో ఇసుకలో ఇల్లు కట్టుకున్నాం, అందరి ఇళ్లనూ ఒకే అల వచ్చి కొట్టుకుపోయింది.

అప్పటిదాకా నేను కూడా సణుక్కుంటూనే అయినా చదివేదాన్ని. నన్ను మార్చింది పుస్తకంలోని ఒక కథ. క్లాసును చీల్చిన రోజుకు మేడం ఆ పాఠాన్ని సగంలో ఉంచింది. మంచు కొండల్లో దారి తప్పిన గొర్రెల కాపరి కథ. ఆయన బతికాడా చచ్చాడా తెలియకుండానే నన్ను వరండాలోకి పంపేశారు. మధ్యాహ్నం అన్నాల దగ్గర లోపలి క్లాసు అమ్మాయిని అడిగాను.

"ఏమోమే. ఎండింగు బిట్లలో రాదంట. మేడం వదిలేసింది" అంది ఆ అమ్మాయి, గుడ్డు ఒలుచుకుంటూ.

ఎండింగు వదిలేయడమేమిటి? ఆ సాయంత్రం నుంచి అమ్మ ఫోన్లో అర్థాలు వెతుక్కుంటూ నేనే చదవడం మొదలుపెట్టాను. ఒక్కో పేజీకి రోజులు పట్టింది. చివరికి కాపరి తెల్లవారాక ఊరు చేరతాడు. మంద ముందర నిలబడి గొర్రెల్ని లెక్కపెడతాడు, ఒకటి తగ్గుతుంది. ఆ తర్వాత ఒక చిన్న వాక్యం. "హీ కౌంటెడ్ అగైన్." మళ్లీ లెక్కపెట్టాడు.

ఆ వాక్యానికి ఫోను అక్కర్లేకపోయింది. మా అవ్వ కూడా మేకలు దొడ్డికి చేరాక అలాగే చేసేది. తగ్గిందని తెలిసినా నోరు మెదపకుండా మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టేది. ఎక్కడో మంచులో ఉన్న మనిషి మా అవ్వ చేసే పని చేశాడు, దాన్ని ఇంకెవరో మూడు మాటల్లో రాసి పెట్టారు. నాకు ఏడుపొచ్చింది. ఇంగ్లీషు అంటే మార్కుల కోసం పుట్టిన సబ్జెక్టు కాదని, ఎవరికో జరిగింది చెప్పుకోవడానికి పుట్టిందని ఆ రోజు తెలిసింది. అలాంటప్పుడు నాకు జరగని బీచి నేనెందుకు రాయాలి?

పబ్లిక్ పరీక్షలకు ముందు జరిగే ప్రీఫైనల్‌లో అనుకున్నట్టే చూసిన ప్రదేశం వచ్చింది. నేను మదనపల్లె మార్కెట్టు గురించి రాశాను. సెలవు రోజు నాయనతో ఒకసారి వెళ్లాను. తెల్లవారుజామున లారీల మధ్య నిలబడి చూశాను. అదంతా నాకొచ్చిన ఇంగ్లీషులో పెట్టేశాను. "మై ఫాదర్స్ షర్ట్ ఈజ్ రెడ్. ఇట్ ఈజ్ నాట్ పెయింట్." నాయన చొక్కా టమాటా రసంతో ఎర్రబడేది, ఎంత ఉతికినా ఆ మరక పోయేది కాదు, అదీ సంగతి. మిగతా వాక్యాలు ఎలా ఉన్నాయో అడగొద్దు.

బీచి రాసినవాళ్లంతా పాసయ్యారు. నేను తప్పాను.

మేడం నా పేపరు చేత్తో పట్టుకుని వరండాలోకి వచ్చింది. కోపంగా లేదు, అలసటగా ఉంది. రోజూ మదనపల్లె నుంచి బస్సులో వచ్చేది, రెండు సెక్షన్లు, పైగా ఎవరు తప్పినా సంజాయిషీ చెప్పుకోవాల్సింది ఆమే.

"బీచి నీకు రాదామ్మా?"

"వస్తాది మేడం."

"వస్తే యాల రాయలేదు?"

"నేను సూడలేదు మేడం."

"పేపరు దిద్దేవాళ్లకు నువ్వు సూసినావో లేదో యాడ తెలుస్తాది? బీచిలో ఒక్క తప్పు లేదు. దీంట్లో లైనుకు రెండు తప్పులుండాయి. నేను మిమ్మల్ని గట్టెక్కించాలని సూస్తాండా, నువ్వు బండ కట్టుకుని దూకుతాండావు."

"అయితే ఆ తప్పులు దిద్దండి మేడం. నేను దాన్నే నేర్చుకుంటా."

"నీ ఒక్కదానికి కూసోని దిద్దేంత టైము నాకు యాడుండాది?"

ఆమె చెప్పింది నిజమే. టైము లేదు. కాబట్టి టైము ఎక్కడుందో నేనే వెతికాను. మేడం దిగే బస్సు పొద్దున్నే పుంగనూరు బస్టాండుకు వస్తుంది. అక్కడి నుంచి బడికి నడక. మరుసటి రోజు మా ఊరి మొదటి బస్సెక్కి నేను ముందే పోయి నిలబడ్డాను. మేడం దిగగానే కాగితం చేతిలో పెట్టాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, తిట్టబోయి ఆగి, నడుస్తూనే బ్యాగులోంచి పెన్ను తీసింది.

పరీక్షలదాకా అదే మా ఇద్దరి క్లాసు. టీ అంగళ్లు, పూల బండ్లు, ఆటోల హారన్లు, వాటి మధ్య మేడం గీతలు గీస్తూ నడిచేది, నేను ఆమె లంచ్ బ్యాగు మోస్తూ పక్కన నడిచేదాన్ని. సాయంత్రం తిరగరాసేదాన్ని, పొద్దున మళ్లీ ఎర్ర గీతలు. జరిగినదాన్ని జరిగినట్టు ఎలా చెప్పాలో ఆ రోడ్డు మీదే నేర్చుకున్నాను. ఒకసారి ఆమెకు ఉత్సాహం వచ్చి, మార్కెట్టు కన్నులపండువగా ఉంది అనే అర్థం వచ్చేలా ఒక పెద్ద వాక్యం కలిపింది.

"అది వద్దు మేడం. ఆడ కుళ్లు వాసనొస్తాది."

"అట్లయితే కుళ్లు వాసనే రాసుకో పో" అంది. తర్వాత నవ్వింది. ఆమె నవ్వడం అదే మొదటిసారి చూశాను.

చివరి వారంలో తప్పుల్లేని కాపీ ఒకటి రాసి ఆమెకిచ్చాను. దాంట్లో గొర్రెల కాపరి వాక్యం కూడా వాడుకున్నాను. రేటు పడిపోయిన రోజున ఎవరూ కొనక మిగిలిపోయిన క్రేట్ల ముందు నాయన నిలబడతాడు. "హీ కౌంటెడ్ అగైన్." మేడం ఆ లైను దగ్గర నడక ఆపింది. వెనకనుంచి ఆటోవాడు అరిస్తే పక్కకు జరిగింది.

"బాగుండాది. కానీ పబ్లిక్‌లో మాత్రం బీచే రాయమ్మా. మీ యమ్మ నన్ను అడుగుతాది" అంది.

నేను ఆమె లంచ్ బ్యాగు ఇంకో భుజానికి మార్చుకుని ముందుకు నడిచాను.

పరీక్ష హాల్లో ప్రశ్న అదే వచ్చింది. చెయ్యి దానంతటదే "లాస్ట్ సండే" దాకా వెళ్లింది. పాసు కావాలంటే ఆ దారి నున్నగా ఉంది. కంపెనీ బస్సు గుర్తొచ్చింది, అమ్మ గుర్తొచ్చింది, భయం వేసింది. నిజంగానే భయం వేసింది. ఆ రెండు మాటలు కొట్టేసి, నాయన చొక్కాతో మొదలుపెట్టాను.

గేటు బయట మేడం నీళ్ల సీసాతో నిలబడి ఉంది.

"ఏది రాసినావు?"

"నాదే రాసినా మేడం."

ఆమె సీసా మూత తీసి నా చేతికిచ్చింది. "సరే, పొయ్యి రేపటి పరీక్షకు సదువుకో" అంది.

పాసయ్యాను. వరండాలో నా పక్కన కూర్చుని బీచి రాసిన అమ్మాయికి నాకంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. అమ్మ ఆ సంగతి పట్టుకుని నెలరోజులు నన్ను సాధించింది. నాయన మాత్రం ఆ రాత్రి అన్నం తింటూ, నన్ను పరీక్షలో ఏం రాశావని అడిగాడు. తెలుగులో చెప్పాను. తన చొక్కా చూసుకున్నాడు. "దీన్ని గురించి రాస్తే పాసు చేసినారా?" అని మళ్లీ మళ్లీ అడిగాడు. నాకు వచ్చిన మార్కులు ఎన్నయినా, ప్రతి ఒక్కటీ నాది. మదనపల్లెలో ఇంటర్ చదివాను. ఇప్పుడు కుప్పంలో ఇంగ్లీషు సాహిత్యం తీసుకుని ఎం.ఏ. చేస్తున్నాను.

ఈ ఏడాది మేడం ఫోన్ చేసింది.

"ఒక శనివారం వచ్చి మన పిల్లలకు రెండు మాటలు చెప్పి పోమ్మా. ముప్పై ఐదు బ్యాచి నుంచి ఎం.ఏ. దాకా పోయినావు, సూస్తే ధైర్యమొస్తాది."

కుప్పంలో పొద్దున్నే బస్సెక్కి పలమనేరు మీదుగా పుంగనూరు చేరాను. బడి గేటు దాటగానే వరండాలోంచి గొంతులు వినిపించాయి. అదే రాగం, అదే బట్టీ. బీచి అనుకుని నవ్వుకుంటూ దగ్గరికి వెళ్లాను.

"మై ఫాదర్స్ షర్ట్ ఈజ్ రెడ్ ఫుల్‌స్టాప్. ఇట్ ఈజ్ నాట్ పెయింట్ ఫుల్‌స్టాప్."

అక్కడే ఆగి చూశాను. పిల్లలందరి చేతుల్లో జిరాక్సు కాగితాలు. మేడం ఎదురొచ్చి నా చెయ్యి పట్టుకుంది. ముఖం వెలిగిపోతోంది.

"నీదేనమ్మా. నువ్విచ్చిన కాపీ దాచిపెట్టినా. బీచి తీసేసి ఇదే ఇస్తాండా. బీచి కంటే ఇది బాగుండాది కదా."

ఆమె మనస్ఫూర్తిగా అన్న మాట అది. ఆ ముఖం చూసి కోపం తెచ్చుకోవడం నా వల్ల కాలేదు. కానీ ఇది నేను చూస్తూ ఊరుకునే పని కూడా కాదు. వెళ్లి పిల్లల మధ్య బండ మీద కూర్చున్నాను. ముందు వరుసలో ఉన్న అమ్మాయిని అడిగాను.

"మీ నాయన చొక్కా ఏ రంగుమ్మా?"

ఆ అమ్మాయి కాగితంలోకి చూసింది. "రెడ్, అక్కా."

"కాగితంలో కాదు. మీ ఇంట్లో."

"మా నాయన లేడక్కా" అంది, కాగితం మీదినుంచి కళ్లు ఎత్తకుండా.

మేడం నవ్వు ఆగిపోయింది. మా నాయన చొక్కాను ఈ పిల్లకు తొడుగుతున్నాం, మేడమూ నేనూ.

"అమ్మ ఏం చేస్తాది?"

"కుట్టు కంపెనీకి పోతాదక్కా. బస్సొస్తాది."

"రాత్రి ఇంటికొచ్చినప్పుడు ఎట్ల ఉంటాది?"

పక్కపిల్లలు ఆ అమ్మాయిని మోచేత్తో పొడిచారు.

"చీర నిండా దారంముక్కలుంటాయక్కా. తల్లో గూడా. నేనే ఏరేస్తా."

"అది రాయి."

"ఇంగ్లీషులోనా? తప్పులొస్తాయక్కా."

నేను మేడం వైపు చూశాను. ఆమె స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. చేతిలో ఇంకా పంచని జిరాక్సులు ఉన్నాయి. వాటిని నెమ్మదిగా బ్యాగులో పెట్టుకుని, ఎర్ర పెన్ను బయటికి తీసింది.

"రానీలేమ్మా" అంది. "పొద్దున బస్టాండు కాడికి రా. నడుస్తానే దిద్దుకుందాం."

ఆ అమ్మాయి నా వ్యాసాన్ని తిరగేసి, ఏమీ అచ్చుకాని వెనకవైపు రాయడం మొదలుపెట్టింది.