అచ్చులో మిగిలిన కొసలు

ధర్మవరంలో పట్టుచీరల అంచులకు డిజైన్లు గీసే సాఫ్ట్‌వేర్ రాసి అమ్ముతాను. మా మొదటి ఖాతాదారుల్లో ఒక పెద్దాయన, నేతగాడు, తన పాత కంప్యూటర్‌లో విండోస్ బదులు లినక్స్ వాడేవాడు. ఆయన కోసం మూడు నెలలు కూర్చుని లినక్స్‌లోనూ నడిచేలా రాశాను. ఇంకెవరూ కొనలేదు.

"ఒక్కని కోసరం ఇంత ఖర్చు ఎందుకు పెట్టల్లన్నా?" అన్నాడు నా భాగస్వామి. లినక్స్‌ది అక్కడితో వదిలేశాను. విండోస్‌ది మాత్రం ఏటా మారుస్తూ పోయాను.

నిరుడు ఒక నేత సొసైటీ తన కంప్యూటర్లన్నీ లినక్స్‌కి మార్చుకుని మా సాఫ్ట్‌వేర్ అడిగింది. ఏళ్ళుగా ముట్టుకోని పాతది తెరిచి చూస్తే ఎందుకూ పనికిరాలేదు. అంతా మళ్ళీ మొదటినుంచి రాయాలి.

ఆ విసుగుతోనే పెద్దాయన ఇంటికి వెళ్ళి చెప్పాను. ఆయన మగ్గం దగ్గర కూర్చుని, అచ్చులో, అంటే నిలువు పోగుల్ని విడదీసి పట్టే మగ్గం దువ్వెనలో, మిగిలిన పాత పడుగు కొసలకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే అతుకుతున్నాడు. ఆ కొసలు లేకపోతే వేల పోగులు అచ్చులోకి మళ్ళీ ఎక్కించుకోవాలి.

తలెత్తకుండానే అడిగాడు: "ఏమప్పా, చీర అమ్ముడుపోలేదని అచ్చులో కొసలు గూడా కోసేసినావా?"