పన్నెండు గదుల ఆయమ్మ

ఆమెను అందరూ ఆయమ్మ అనే పిలిచేవారు. ఆస్పత్రిలో ఇరవై రెండేళ్ళు ఆయాగా చేసింది. ఆ ఉద్యోగం పోయినా పిలుపు మాత్రం పోలేదు.

కడుపు జబ్బుల వార్డులో ఆమెకు పని. లేవలేని రోగుల కింద పళ్ళెం పెట్టడం, తియ్యడం, కడగడం. చేరిన మొదటి వారంలోనే ఒక ముసలి నర్సు ఆమెకు చెప్పింది: "పారబొయ్యకముందు చూడు. రోగి దాచిపెట్టొచ్చు. ఇది దాచదు." ఆనాటినుంచీ ఆయమ్మ చూస్తూనే ఉంది. ఏ రంగు, ఎంత గట్టి, ఏ వాసన, ఎన్నిసార్లు - ఈ నాలుగూ నర్సుకు చెప్పి, చేతులు కడుక్కుని తరువాతి మంచం దగ్గరికి పోయేది. ఈ పనంటే ఆమెకు అసహ్యమూ లేదు, గొప్పా లేదు. కూరలమ్మే మనిషి కూరల్ని చూసినట్టే చూసేది.

ఆమెకు యాభై ఒకటో ఏడు నడుస్తుండగా ఆస్పత్రివాళ్ళు శుభ్రం చేసే పనిని ఒక కాంట్రాక్టరుకు అప్పగించారు. అతనికి నలభై లోపువాళ్ళు కావాలి. ఆయమ్మ ఇంట్లో కూర్చుంది. ఇల్లంటే మూడో అంతస్తులో రెండు గదులు. లిఫ్టు నడిపే భర్త పోయి పదేళ్ళు దాటింది. అప్పటినుంచి ఆమె, పెళ్ళి చేసుకోని ఆడపడుచు కలిసి ఉంటున్నారు. ఆడపడుచు ఇంట్లోనే మిషను మీద చొక్కాలకు కాలర్లు కుట్టేది. ఒకరి మాట ఒకరికి పడదు, ఒకరు లేకపోతే ఇంకొకరికి పొద్దుపోదు.

నాలుగు నెలలు కాలర్లకు దారాలు కత్తిరించాక, పక్క వీధిలో పనుందని ఆయమ్మకు తెలిసింది. అక్కడ ఒకప్పుడు టైర్ల గిడ్డంగి ఉండేది. దాన్ని పన్నెండు గదులుగా విడగొట్టి, ఇనుప జాలీ తలుపులు పెట్టి, ఊళ్ళకు వెళ్ళేవాళ్ళు తమ కుక్కల్ని వదిలిపెట్టే వసతిగా మార్చారు. గదులు కడగడానికి మనిషి కావాలి.

"మనుషులవి ఎత్తీ ఎత్తీ కుక్కలదాకా వచ్చావా వదినా?" అంది ఆడపడుచు, మిషను ఆపకుండానే. "పోన్లే, పెద్ద ఉద్యోగమే."

"కుక్కలు గంట కొట్టి పిలవవు. అదొక్కటి చాలు నాకు" అంది ఆయమ్మ.

నిజానికి ఆమెకు కుక్కలంటే భయం. మొదటి వారం జాలీ బయటే నిలబడి గొట్టంతో నీళ్ళు కొట్టింది. రెండో వారం చీపురు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళింది. ఆ తరువాత భయం పోయింది గాని, దాని చోటులోకి ప్రేమేమీ వచ్చి కూర్చోలేదు. కుక్కల్ని ముద్దుచేసేది కాదు, కసిరేదీ కాదు.

ప్రతి గది తలుపుకూ ఒక పలక వేలాడేది. మీద కుక్క పేరు, తిండి వేళ రాసేవారు. కింద ఖాళీగా ఉన్న చోటులో ఆయమ్మ తనకు తానుగా గీతలు పెట్టడం మొదలుపెట్టింది. గట్టిగా ఉంటే ఒక గీత. మెత్తటి ముద్దయితే రెండు. జారుగా ఉంటే మూడు. నీళ్ళయితే నాలుగు. ఎవరూ రాయమనలేదు. చూసింది ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఆమెకు పని పూర్తయినట్టు ఉండేది కాదు. చెప్పడానికి ఇక్కడ నర్సు లేదు.

రెండు నెలల్లో ఆమెకు ఒక సంగతి తెలిసిపోయింది. ఒక గీతతో వచ్చిన కుక్కల్లో సగం మూడో రోజుకు మూడు గీతల్లోకి దిగుతున్నాయి. వసతి యజమానికి చెప్పింది. టైర్లమ్మినాయనే ఇప్పుడు ఈ వసతి నడుపుతున్నాడు. మంచివాడే, కాకపోతే తొందర మనిషి.

"వాతావరణం ఆయమ్మా. గాలి మారింది కదా" అన్నాడు.

"గదిలో గాలి ఎప్పుడూ ఒక్కటే కదా సారూ" అంది ఆమె. ఆయన అప్పటికే ఫోను ఎత్తాడు.

వారానికోసారి ఒక పశువుల డాక్టరమ్మ వచ్చి కుక్కల్ని చూసి వెళ్ళేది. ఆ వారం ఆమె అయిదో గది ముందు ఆగి పలక చదివింది. ఆరో గది పలక, ఏడో గది పలక కూడా చదివింది.

"ఈ గీతలు ఎవరు పెట్టారు?"

ఆయమ్మ తప్పు చేసినదానిలా చీపురు వెనక్కి పెట్టుకుంది. "నేనేనమ్మా. తుడిచెయ్యమంటే తుడిచేస్తాను."

"తుడవొద్దు" అంది డాక్టరమ్మ. అరుగు మీద కూర్చుని ఆమెచేత గీతల లెక్క చెప్పించుకుంది. ఆ తరువాత తనకు తెలిసింది చెప్పింది. కుక్క కడుపులోనూ మేలుచేసే సూక్ష్మజీవులు ఉంటాయి. కొత్త చోటు, కొత్త తిండి, ఇంటివాళ్ళు కనపడకపోవడం - ఇవన్నీ కలిసి ఆ లోపలి లెక్క తప్పిస్తాయి. అందుకే విరేచనాలు. ఇంటి తిండే తెప్పించి పెడితే సగం తగ్గుతుంది. మిగతా సగానికి ప్రోబయోటిక్ పొడి ఉంది, అంటే ఆ మేలుచేసే జీవులనే పొడిగా చేసి ఇస్తారు. వచ్చే ముందు నాలుగు రోజులు ఇంట్లో మొదలుపెట్టించి, ఇక్కడ ఉన్నన్నాళ్ళూ తిండిలో కలిపితే కొన్నింటికి బాగా పనిచేస్తుంది.

"కొన్నింటికేనా?"

"కొన్నింటికే. అన్నింటికీ అని చెప్పేవాళ్ళని నమ్మకండి."

"మా వార్డులో కూడా పెద్ద మందుల కోర్సు అయ్యాక అలాంటి గొట్టం మాత్రలు ఇచ్చేవాళ్ళమ్మా. అవే తెచ్చి వేసేద్దామా?"

"వద్దు. కుక్కలకని చేసిందే వాడాలి. వాటి కడుపు వేరు, మన కడుపు వేరు."

పొడి వచ్చింది. మూడు వారాలు వాడారు. గీతలు ఏమీ తగ్గలేదు. యజమాని పెదవి విరిచి, డబ్బాలు తిప్పి పంపిద్దామన్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో ఆడపడుచు పాలు తోడు పెడుతోంది. గిన్నెలో వేలు ముంచి, చప్పున తీసి, విదిలించుకుంది. చెంచాలో తోడు పట్టుకుని అలాగే నిలబడింది.

"వెయ్యవేం?" అంది ఆయమ్మ.

"వేలు కాలింది. ఇప్పుడేస్తే తోడు చచ్చిపోదూ? పుట్టినప్పటినుంచీ చూస్తున్నావు, ఇదీ నేనే చెప్పాలా నీకు?"

ఆయమ్మకు పొడి గుర్తుకొచ్చింది. వసతిలో గదులు కడగడమే కాదు, కుక్కల తిండి ఉడికించేదీ ఆమే. పొయ్యిమీదనుంచి దించగానే, ఆవిరి పొగలు పోతుండగానే పొడి చల్లేసి కలిపేది. బాగా కలుస్తుందని అలా చేసేది.

మరునాటినుంచి తిండి చల్లారాక, వేలు పెట్టి చూసి, అప్పుడు పొడి కలిపింది. డబ్బా కూడా కిటికీలో ఎండ తగిలే చోటునుంచి చల్లటి అలమరలోకి మారింది. నెల తిరిగేసరికి గీతలు తగ్గాయి. అసలు లేకుండా పోలేదు. పదింటిలో అయిదు జారేవి కాస్తా రెండుకు వచ్చాయి. డాక్టరమ్మ ఆ పలకల్ని ఫోటోలు తీసుకుంది. సంగతి విని ఆడపడుచు, "అయితే మీ కుక్కలకు నేనే డాక్టర్ని" అని వారం రోజులు చెప్పుకుంది.

యజమాని సంబరం ఇంకా పెద్దది. వీధి గోడమీద బోర్డు రాయించాడు: ఇక్కడ కడుపు జబ్బు మాటే లేదు. ఎవరు ఫోను చేసినా పొడి సంగతి చెప్పేవాడు. కుక్క తుమ్మినా పొడి, కుంటినా పొడి.

"బోర్డు మీద అంత మాట ఎందుకు సారూ?" అని ఒకసారి ఆయమ్మ అడిగింది.

"నువ్వు తెచ్చిన పేరే కదా ఆయమ్మా, వద్దంటావేం?" అన్నాడాయన.

మరుసటి ఏడు అద్దాల కొట్టాయన తన కుక్కను తొమ్మిది రోజులకు తెచ్చి వదిలాడు. కూతురికి కాన్పు, వేరే ఊరు వెళ్ళాలి. చెవులు నేలకు వేలాడే ఎనిమిదేళ్ళ ఆడకుక్క. వెనకకాలు కాస్త ఈడుస్తుంది. ఒక సంచిలో తిండి, దుప్పటి ఇచ్చి, వసతి యజమానిని పక్కకు పిలిచి ఏదో చెప్పి వెళ్ళాడు.

మూడో రోజు పలకమీద రెండు గీతలు పడ్డాయి. నాలుగో రోజు మూడు. కుక్క సగం తిండి వదిలేసింది.

"పొడి రెండింతలు చెయ్యి" అన్నాడు యజమాని. ఆయమ్మ చేసింది. కొత్త చోటు కదా, సర్దుకుంటుందిలే అని తనకూ అనిపించింది.

అయిదో రోజు పొద్దున గది కడగబోయి, గొట్టం కిందపెట్టి వంగింది. మలం నల్లగా, రోడ్డుకు వేసే తారులా మెరుస్తోంది. వాసన కూడా వేరు. వార్డులో ఆ వాసన తెలియని ఆయా ఉండదు. పైకడుపులో ఎక్కడో పుండు పడి నెత్తురు కారితే, అది కిందికి వచ్చేసరికి అలా నల్లబడుతుంది. కుక్క పెదవి ఎత్తి చూసింది. చిగుళ్ళు పాలిపోయి ఉన్నాయి.

యజమాని దగ్గరికి వెళ్ళి చెప్పింది.

"తిండిలో ఇనుము ఎక్కువైతే నల్లగానే వస్తుంది" అన్నాడాయన. "ఇవాళ్టికి పొడి వేసి చూద్దాం. అద్దాల కొట్టాయన ఊళ్ళో లేడు, ఆయన్ని కంగారుపెట్టడం ఎందుకు?"

"ఇది పొడితో పొయ్యేది కాదు సారూ. నెత్తురు."

"నువ్వు డాక్టరువా?"

"కాదు. అందుకే డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోతానంటున్నా."

ఆయన సమాధానం చెప్పేలోపే ఆమె గదిలోకి వెళ్ళి కుక్కను దుప్పట్లో చుట్టింది. ఇరవై కిలోలకు తక్కువ ఉండదు. మంచాలమీద మనుషుల్ని దొర్లించిన చేతులు కాబట్టి లేచింది. వెళ్ళేముందు ఆ కుక్క సంచి కూడా భుజానికి తగిలించుకుంది. అద్దె బండిలో దారంతా కుక్క ఆమె మోచేతిమీద తల పెట్టుకుని ఉంది. ఆమె దాని చిగుళ్ళ రంగే చూస్తూ కూర్చుంది.

డాక్టరమ్మ పరీక్ష చేస్తూనే అడిగింది: "దీనికి మందులేమైనా వేస్తున్నారా?"

"పొడి తప్ప ఇంకేం లేదమ్మా" అంది ఆయమ్మ. అన్నాక ఎందుకో సంచి బల్లమీద బోర్లించింది. పక్క జేబులోనుంచి మాత్రల అట్ట పడింది. మనుషులు కీళ్ళ నొప్పులకు వేసుకునే మాత్రలు. అయిదు ఖాళీగా ఉన్నాయి.

వసతి యజమానికి ఫోను చేస్తే ఒప్పుకున్నాడు. కాలు ఈడుస్తోందని, రోజూ పొద్దున ఒకటి తిండిముద్దలో పెట్టమని అద్దాల కొట్టాయన చెప్పాడట. యజమానే స్వయంగా పెట్టాడు. ఆయమ్మకు చెప్పాలని తోచలేదు.

"ఇవి కుక్క కడుపులో పుండ్లు చేస్తాయి" అంది డాక్టరమ్మ. "ఇంకో రెండు రోజులు ఇలాగే ఉంటే నా చేతుల్లో ఉండేది కాదు." మాత్రలు ఆపించి, సెలైను ఎక్కించి, పుండు మానడానికి మందు మొదలుపెట్టింది. కుక్కను అక్కడే ఉంచుకుంది.

ఇంటికి వచ్చాక ఆయమ్మ అన్నం ముట్టలేదు. ఆడపడుచు రెండుసార్లు పిలిచి, మూడోసారి మిషను ఆపి వచ్చి కూర్చుంది.

"బతుకుతుందన్నారుగా. ఇంక దేనికి?"

"నిన్ననే తెలియాల్సింది. నేనూ పొడి వేసి ఊరుకున్నా."

"నిన్న నల్లగా లేదుగా వదినా."

"తిండి వదిలేసింది. వార్డులో అయితే ఆ ఒక్క ముక్కకే నర్సును లేపేదాన్ని."

ఆడపడుచు కంచం దగ్గరికి జరిపి, తనూ కలిసి తింది.

మూడో రోజుకు కుక్క లేచి నిలబడింది. అయిదో రోజుకు తిండి తింది. అద్దాల కొట్టాయన ఊరినుంచి తిన్నగా డాక్టరమ్మ ఆస్పత్రికే వచ్చాడు. మెట్లమీద కుక్కను పక్కన పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.

"నేను మోకాళ్ళ నొప్పికి ఆ మాత్రలే వేసుకుంటాను. నాకు పనిచేస్తున్నాయి కదా, దీనికీ చేస్తాయనుకున్నాను" అన్నాడు ఆయమ్మతో.

"తెలియక చేశారు. ఇక వెయ్యకండి" అంది ఆమె.

యజమాని వారం రోజులు ఆమెతో ముభావంగా ఉన్నాడు. తరువాత ఒకరోజు పొద్దున ఆమె వచ్చేసరికి నిచ్చెన ఎక్కి బోర్డుకు తెల్లరంగు కొడుతున్నాడు. కిందికి దిగి, మందుల అలమర తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు. "ఇకమీదట ఎవరేం తెచ్చినా నీ చేతిమీదుగానే" అన్నాడు. ఆనాటినుంచి కుక్కను దించేటప్పుడే సంచి మొత్తం ఆమె ముందు విప్పించేవారు. ఏ మందు, ఎందుకు, ఎవరు రాశారు అని ఆమె అడిగేది. పొడి వాడకం మానలేదు. మూడు గీతలు రెండు రోజులకు మించి నిలబడినా, తిండి వదిలేసినా పొడికోసం చూడకుండా డాక్టరమ్మకు కబురు వెళ్ళేది.

ఆ వసతిలో ఆమె పన్నెండేళ్ళు చేసింది. ఇంట్లో కుక్కను పెంచుకోలేదు. ఒక పిల్లను ఇస్తామని ఎవరో అంటే, "సెలవురోజు కూడా అదే పనా" అంది. అరవై మూడో ఏట మోకాళ్ళు వంగనన్నాయి. తన తరువాత వచ్చిన మనిషికి నెల రోజులు దగ్గరుండి గీతలు నేర్పింది. ఆ మనిషి ముక్కు మూసుకుంటే, "ముక్కు మీద చెయ్యి తియ్యమ్మా, సగం సంగతి అక్కడే తెలుస్తుంది" అనేది.

చివరి రోజు పన్నెండు గదులూ కడిగి, గొట్టం చుట్టి మేకుకు తగిలించి, తాళంచెవి బల్లమీద పెట్టింది. అది తిండి వేళ. కుక్కలన్నీ గిన్నెల్లో తలలు పెట్టి ఉన్నాయి. ఆమె వెళ్తుంటే ఒక్కటీ తల ఎత్తలేదు. అన్నీ తింటున్నాయని చూసుకుని, ఆయమ్మ తలుపు దగ్గరగా వేసి ఇంటికి వెళ్ళిపోయింది.