పొలిమేర రాయి మీద ముంత

కరోనా వచ్చి అందరినీ ఇళ్లలో పెట్టి తలుపులేసిన ఏడాది, చౌటుప్పల్‌లో మా కొడుకు ఇంట్లో ఒకటే ముచ్చట: ఇంట్లో కూర్చుని ఏం చేయాలి? మనవరాలు ఒక అట్ట మీద రంగుల పెన్నులతో రాసి ఫ్రిజ్‌కి అంటించింది. పొద్దున యోగా, తర్వాత కేకు చేయడం నేర్చుకోవడం, మధ్యాహ్నం సినిమా, సాయంత్రం డాబా మీద క్యారమ్స్. కోడలు బీరువాలు సర్దుతానంది. కొడుకు గడ్డం పెంచుతానన్నాడు, అది కూడా ఒక పనేనట. చివరికి మనవరాలు నా దగ్గరికొచ్చింది.

"నానమ్మా, నువ్వేం చేస్తవ్? నీ పేరు కింద ఖాళీగా ఉంది."

నాకెందుకో ఒళ్లు మండింది. "ఏం చేస్త? కూసుంట" అన్నాను. పిల్ల ముఖం చిన్నబోయింది. పాపం, దానికేం తెలుసు. జబ్బుకు భయపడి ఇంట్లో కూర్చోవడం, కూర్చుని ఏం చేయాలో మురిపెంగా అనుకోవడం నేను చిన్నప్పుడే ఒకసారి చూశాను. అప్పుడూ అందరూ బాగానే అనుకున్నారు.

మా ఊరు దేవరకొండకూ కల్వకుర్తి సడకుకూ నడుమ గుట్టల్లో ఉంటుంది. నిజాం రాజ్యం కొనఊపిరి మీద ఉన్న రోజులవి. సడకు మీద లారీ చప్పుడైతే చాలు, నిజాం తరఫు తుపాకులోళ్లు వచ్చారని ఆడవాళ్లం జొన్నచేలల్లోకి ఉరికేవాళ్లం. దొరల మీద తిరగబడ్డ సంఘపోళ్లు గుట్టల్లో ఉన్నారని ఆ తుపాకులోళ్లు మమ్మల్ని కొట్టేవాళ్లు. ఉన్న ఈ భయాలు చాలవన్నట్టు ఆ వానాకాలం ఊళ్లోకి గత్తర వచ్చింది. గత్తరంటే కలరా. పొద్దున వాంతులు పట్టుకుంటే మాపటికి మనిషి లేడు. కింది వాడలో ఒకే ఇంట్లో తల్లీ కొడుకూ పోయారు, మోయడానికి మనుషులు దొరకలేదు.

అప్పుడు పెద్దమనుషులు ఊరికి కట్టు వేశారు. పోచమ్మకు యాటను కోసి, ఆ నెత్తురు కలిపిన అన్నం, పొలి అంటారు దాన్ని, పొలిమేర పొడుగునా చల్లారు. ఆ గీత దాటి ఎవరూ బయటికి పోరాదు, బయటివాళ్లు లోపలికి రారాదు. దాటిన మనిషి వెంట గత్తర లోపలికొచ్చి ఊరిని ఊడ్చుకుపోతుందని మా నమ్మకం. ఇంటికీ ఇంటికీ నడుమ కూడా నిప్పు, ఉప్పు, చల్ల ఏవీ పోరాదు. పెద్దమనుషులు కట్టు తీసేదాకా ఎవరి గడప లోపల వాళ్లు ఉండాలని డప్పు కొట్టించారు.

మొదటి రెండు రోజులూ, చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, పండుగలాగే అనిపించింది. గోడల మీంచి ఒకరికొకరు కేకలేసుకుని ఏం చేయబోతున్నారో చెప్పుకున్నారు. ఎదురింటి కోడలు పాత చీరలన్నీ కలిపి బొంత కుడతానంది. పక్కింటి ముసలాయన పెళ్లయిన కాడి నుంచి కడుపునిండా నిద్రపోలేదనీ, ఇప్పుడు పోతాననీ అన్నాడు. "నిద్రపోతె పో గని, గురక పెట్టకు. గత్తర కంటె ముందు నీ గురకతోటే సస్తం" అని ఆయన భార్య అంటే వాడంతా నవ్వింది. ఆ నవ్వు నాకు ఇంకా వినిపిస్తుంది. ఆ వారమే ఆమె పోయింది. ముసలాయన పగలూ రాత్రీ గోడకు ఆనుకుని కూర్చునేవాడు, కన్ను మూయగా చూడలేదు.

మా ఇంట్లో ముగ్గురం. మా అవ్వ, అంటే బాపును కన్న తల్లి, అమ్మ, నేను. బాపు గొర్ల కాపరి. ఎండాకాలం మందను తోలుకుని నందికొండ దిక్కు కృష్ణ ఒడ్డుకు పోయేవాడు. అప్పటికి అక్కడ డ్యామూ లేదు, ఏమీ లేదు, ఒట్టి నది. తొలకరికి తిరిగి రావాలి. ఆ ఏడు లారీలకు భయపడి తోవలు తప్పించుకుంటూ రావడంతో ఆలస్యమైంది. కట్టు వేసిన మర్నాడు వచ్చాడు.

పొలిమేర రాయి అవతల మంద ఆగి ఉంది. బాపు రాయికి దూరంగా నిలబడ్డాడు. ఇవతల పెద్దమనుషులు, వాళ్లు పిలిపిస్తే వచ్చి వెనక నిలబడ్డ మేం.

"నువ్వు ఏ ఊరి నీళ్లు తాగొచ్చినవో ఏందో. కట్టు తీసేదాక లోపలికి రావద్దు" అన్నాడు ఒక పెద్దమనిషి.

బాపు కొట్లాడలేదు. మనిషే అట్లాంటివాడు, కోపం రావాల్సిన చోట నవ్వొచ్చేది. "ఊరంత ఒక దారైతే ఉలిపికట్టెదొక దారి. మీరంత ఇంట్ల కూసుండుండ్రి, నేను బయట కూసుంట" అన్నాడు. గుట్ట కింద ముళ్లకంచెతో దొడ్డి కట్టుకుంటానన్నాడు. తర్వాత భుజం మీది గొంగడి తీసి విప్పి చూపించాడు. నడుమ పెద్ద చిరుగు. ఆ చిరుగులో తల దూర్చి నాకేసి కళ్లు పెద్దవి చేశాడు. నేను నవ్వాను. అమ్మ నవ్వలేదు.

"ముసురు పట్టేటట్టున్నది. ఎట్లయిన ఇంట్లనే ఉంటరు గద, నాకో గొంగడి నేసి పెట్టుండ్రి. ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు.

అలా మాకూ ఒక పని కుదిరింది. కత్తిరించిన బొచ్చు అటక మీద మూటకట్టి ఉంది. అమ్మా నేనూ దాన్ని ఏకి, కదురు మీద వడికేవాళ్లం. మాలో మగ్గం మగవాళ్లది, ఆడవాళ్లు దాని మీద కూర్చోరు. అవ్వ ఒకరోజు దాని ముందు నిలబడి చూసింది, తర్వాత చీర ఎగ్గట్టి మగ్గం గుంటలోకి దిగింది. "మొగోడు పొలిమేర అవతల ఉండె. గత్తర ఊళ్లె ఉండె. ఇంక నేను మగ్గం ముట్టుకుంటె ఏం మునుగుతది" అంది. నూలుకు పెట్టే చింతగింజల గంజి వాసన ఇల్లంతా నిండింది. బయట నుంచి ఏడుపు వినపడినప్పుడల్లా అవ్వ నేత ఆపి, ఏ దిక్కు నుంచి వస్తుందో విని, మళ్లీ నేసేది.

పెద్దమనుషులు ఒక్క సడలింపు ఇచ్చారు. పొద్దున అమ్మ అంబలి ముంత తీసుకుపోయి పొలిమేర రాయి మీద పెట్టి, నిన్నటి ముంత తెచ్చుకోవచ్చు. ఆమె వెనక్కి తిరిగి వచ్చాకే బాపు రాయి దగ్గరికి రావాలి. బాపు తిన్నాక ముంత కడిగి, రాయి మీద బోర్లించి, పైన ఒక గులకరాయి పెట్టేవాడు. అది గొర్లకాడి అలవాటు, కుక్క మూతి పెట్టకుండా, గాలికి దొర్లకుండా. నేనూ అమ్మ వెంట పోయేదాన్ని. గులకరాయి కనబడితే అమ్మ అడుగు తేలికయ్యేది.

దూరం నుంచి నాలుగు మాటలు కూడా నడిచేవి. ఒకరోజు బాపు గుట్ట దిక్కు నుంచి కేకేశాడు.

"ఏమే, అంబలిల ఉప్పెక్కడ పోయింది?"

"ఇంట్ల లేదు. ఒకల ఇంటి నుంచి తెచ్చుకోరాదాయె" అని అమ్మ అరిచింది.

"చప్పటి అంబలి గొంతు దిగుతలేదే. రేపు జర ఉప్పెయ్యి."

ఉప్పు విషయంలో బాపు ఎప్పుడూ అంతే, చిటికెడు తక్కువైతే పళ్లెం జరిపేవాడు. అమ్మ దారంతా గొణుక్కుంటూ వచ్చింది. "గత్తర కాలంల ఈయనకు ఉప్పు కావాల్నట" అని. ఇంటికొచ్చి చింతకాయ తొక్కు జాడీ దించింది. తొక్కు ఎప్పుడో అయిపోయింది. అడుగున గట్టిపడిన ఉప్పును చెంచా వెనకతో గీకి, గీకి, దోసిట్లో పోసుకుంది. మర్నాడు ఆ ఉప్పంతా ఒక్క ముంతలోనే వేసింది. ఆ పొద్దున ఆమె నడక చూడాలి, పెళ్లికి పోతున్నట్టు పోయింది.

ఆ రోజు గుట్ట దిక్కు నుంచి కేక రాలేదు.

అప్పటికే ముసురు పట్టింది. వారం పది రోజులు సూర్యుడు లేడు. వానలో గుట్ట కింద గొర్లూ, వాటి నడుమ చిరుగుల గొంగడి ముసుగు వేసుకున్న మనిషీ మసకగా కనిపించేవాళ్లు. అమ్మ పిలిచేది. ఆ మనిషి చెయ్యి ఎత్తేవాడు, మాట రాదు. రాయి మీద మాత్రం ముంత కడిగి, బోర్లించి, గులకరాయి పెట్టి ఉండేది.

ఒక పొద్దున అమ్మ ఆగలేకపోయింది. కొత్త ముంత పెట్టి, ఇంటి దిక్కు తిరగకుండా రాయి పక్కన నిలబడింది. నేను కొంగు పట్టుకున్నాను. ఆమె పాదం పొలి చల్లిన చోటికి జానెడు దూరంలో ఉంది. తర్వాత నన్ను రెక్క పట్టి లాక్కుంటూ ఇంటికొచ్చి అవ్వ మీద విరుచుకుపడింది.

"అత్తా, నేను పోత. ఆయన మాట్లాడుతలేడు. నాకు పాణం గుంజుతాంది."

అవ్వ నేత ఆపలేదు. "వానకు గొంతు పట్టింది."

"ఉప్పు గురించి ఒక్క మాటన్న అనడా? బాగుందనో, బాలేదనో?"

"ముంత బోర్లిచ్చి ఉన్నదా?"

"ఉన్నది."

"మీద రాయి?"

"ఉన్నది."

"సచ్చినోడు ముంత కడుగుతడా? నువ్వు గీత దాటితె కింది వాడల మిగిలిన పిల్లల పాపం ఎవలకు తగులుతది? నీ పిల్ల కూడ గీ ఊళ్లెనే ఉన్నది" అంది అవ్వ. అమ్మ నాకేసి చూసింది. కదురు ముందేసుకుని కూర్చుంది. ఆ రోజంతా వడికిన నూలు తెగుతూనే ఉంది.

గొంగడి అయిపోయింది. నల్లటి గొంగడి, అంచుకు సన్నటి తెల్ల చార. అవ్వ నేసిన మొదటిదీ, చివరిదీ అదే. అక్కడక్కడా వంకరలు పోయింది. "కొడుకు ఎక్కిరిస్తడు" అంది అవ్వ. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖం వెలిగింది.

కట్టు తీసిన పొద్దున కల్వకుర్తి సడకు దిక్కు నుంచి లారీల చప్పుడు వచ్చింది. మేం అలవాటుగా వణికాం. ఎవరో ఉరికొచ్చి, అవి యూనియన్ మిలిటరీ లారీలనీ, నిజాం దిగిపోయాడనీ చెప్పారు. గడపలు దాటి జనం బయటికొచ్చారు. కొందరు ఏడుస్తున్నారు, కొందరు డప్పు అందుకున్నారు. అమ్మ ఇవేవీ వినలేదు. గొంగడి నెత్తిన పెట్టుకుని పొలిమేర దిక్కు నడిచింది. అవ్వా నేనూ ఆమెను అందుకోలేక వెనకబడ్డాం.

మంద అంతా క్షేమంగా ఉంది. దొడ్డి దగ్గర మా బాపు, చిరుగుల గొంగడిలో, అటు తిరిగి కూర్చుని ఒక గొర్రెపిల్ల గిట్టలో ముల్లు తీస్తున్నాడు.

"ఇగ లే. రాజ్యాలు మారినయట, నువ్వింక గీడనే కూసున్నవా" అంది అమ్మ. గొంతులో కోపం లేదు.

ఆ మనిషి లేచి ఇటు తిరిగాడు. తెల్ల గడ్డం, ముడతల ముఖం. మేం ఎప్పుడూ చూడని ముసలి మనిషి.

ఆయన పిల్లను కిందికి దించి చేతులు జోడించాడు. తనదీ గొర్లకాడి బతుకే అన్నాడు. తుపాకులోళ్లు తన ఊరు తగలబెడితే మందా మనుషులూ పోయి గుట్టలు పట్టుకుని వస్తుంటే ఇక్కడ బాపు కనిపించాడట.

"అప్పటికే పడి ఉన్నడు బిడ్డా. నీళ్లు పోస్తె నీళ్లు నిలుస్తలేవు. మాపటికి పోయిండు" అన్నాడు. గుట్ట వాలులో రాళ్లు పేర్చిన చోటు చూపించాడు.

అవ్వ అక్కడే నేల మీద కూలబడింది. అమ్మ నిలబడే ఉంది. "మరి ముంత?" అంది.

"ఆయననే చెప్పిండు. ముంత కడిగి బోర్లిచ్చి రాయి పెట్టు, గొంగడి కప్పుకొని కనబడు, మాట్లాడకు అన్నడు. నేను పోయిన్నని తెలిస్తె నా ఇంటిది గీత దాటి వస్తది, గత్తరను పిల్లకు ముట్టిస్తది, కట్టు తీసేదాక వాళ్లను ఇంట్ల ఉండనియ్యి అన్నడు. నా తోటి ఒట్టు పెట్టిచ్చుకున్నడు."

గొర్లు మేస్తున్నాయి. ఊళ్లో డప్పు ఇక్కడికి వినిపిస్తోంది. అమ్మ నెత్తి మీది గొంగడి ఎప్పుడు జారి పడిందో నేను చూడలేదు. ఆమె ఏడుస్తుందని చూస్తున్నాను. ఏడవలేదు. ముసలాయన దగ్గరికి పోయి, ఎవరూ వినకూడని మాట అడిగినట్టు మెల్లగా అడిగింది.

"ఒకనాడు అంబలిల ఉప్పేసి పంపిన. అది ఆయన తిన్నడా?"

ముసలాయన అమ్మను చూశాడు. నేల మీద ఉన్న అవ్వను చూశాడు. నీళ్లే నిలవలేదని ఆయన చెప్పిన మాట మేం ముగ్గురం విన్నాం.

"తిన్నడు బిడ్డా" అన్నాడు. "ఉప్పు సరిపోయిందన్నడు."

అమ్మ తల ఊపింది. కింద పడ్డ గొంగడి తీసి, మట్టి దులిపి, ఆయన భుజాల మీద కప్పింది.