శుక్రవారం అల్ ఖోర్‌కు పోయే పడవ

మా పక్క ఫ్లాట్ల అన్న మంగళవారం పొద్దుగాల పోయిండు. వదిన వచ్చి తలుపు కొట్టి, "ఓసారి రా, మీ అన్న లేస్తలేడు" అన్నది. నేను పోయి చెయ్యి పట్టి చూసిన. చల్లగున్నది. నేను రోజూ ఏదో ఒకదానికి భయపడేదాన్నే. ఈ ఒక్కదానికి భయపడాలని మాత్రం ఎన్నడు తోచలే.

నాకు రాసుడు సరిగ రాదు. గని ఆయన గురించి ఎవరన్న రాయాలె గద, అందుకే కూసున్న.

ఆయనది నిర్మల్ దిక్కు. ఆయన తెల్లారి నమాజుకు లేచినప్పుడే నేను దీపం పెడుదును. ఈడ దోహాల, ఉమ్ ఘువైలినాల మా రెండిండ్లకు నడుమ ఒక్కటే గోడ. ముప్పై ఏండ్లు ఒక ఖతరీ యజమాని పడవ నడిపిండు. పని మానేసినంక ఆ యజమానే, "శుక్రవారం పడవ నీదే, తీస్కపో" అన్నడట.

మొదటిసారి పక్క రేవు ఊరు అల్ వక్రాకు రమ్మన్నప్పుడు నేను రేవులనే ఆగిపోయిన.

"నీళ్ళు ఎంత లోతుంటయన్నా?"

"నువ్వు మునిగేంత. ఆపైన ఎంతున్నా మనకేం పని?"

వదిన ఆయన వీపు మీద ఒక్కటిచ్చింది. "అసలే పిరికిది, ఇంక బెదిరిస్తవా?"

ఆయన నారింజరంగు జాకెట్ తెచ్చి నాకు తొడిగి, పట్టీ గట్టిగ గుంజిండు. "భయపడొద్దని నేనన్ననా చెల్లే? భయపడు. గని ఎక్కి కూసోని భయపడు."

ఎక్కి కూసున్న. వక్రా దాంక భయపడ్డ. వచ్చేటప్పుడు సగం దూరమే భయపడ్డ.

రేవు ఊర్లకు పోతే అందరు ఫోటోలు దిగుతరు. ఆయన దిగడు. వక్రాల బట్టలు కుట్టే నేపాలాయన దుకాణంల కూసుంటడు, చాయ్ తాగుతడు, లేస్తడు. "ఊరు చూసుడంటే ఏముంది చెల్లే, మనల చూసి నవ్వే మనిషి ఒకలుంటే చాలు" అంటుండె.

అల్ ఖోర్‌ల ఉండే దోస్తు మాత్రం ఆయన పానం. మలయాళీ పెద్దాయన, చేపలు పట్టే తీగ బుట్టలు అల్లుతడు. చెవులు సరిగ వినబడవు, ఫోన్ ఉంచుకోడు. ప్రతి శుక్రవారం ఒడ్డు మీద కూసోని మా పడవ కోసం చూస్తడు. వదిన డబ్బాల పట్టుకొచ్చిన పుల్లటి పప్పు, ఖట్టీ దాల్, అక్కడ్నే వేలితోని నాకి, తల ఊపుతడు. తర్వాత దోస్తులిద్దరు పక్కపక్కన గంటసేపు మాట లేకుండ కూసుందురు.

"ఇంతదూరమొచ్చి గిదేందన్నా?" అంటే, "మాట్లాడేటోళ్ళు దోహాల మస్తుమంది ఉన్నరు. నాతోని ఊకుండేటోడు వీడొక్కడే" అన్నడు.

మట్టి ఇచ్చినంక వదిన ఇద్దత్‌ల కూసున్నది. మొగడు పోయిన ఆడమనిషి నాలుగు నెలల పది దినాలు ఇల్లు దాటదు. బుధవారం నా చెయ్యి పట్టుకోని, "ఎల్లుండి అల్ ఖోర్‌ల ఆయన వచ్చి కూసుంటడు. ఆయనకెవరు చెప్పాలె?" అన్నది.

అడిగింది నన్నే అని తెలుసు.

వాళ్ళ బిడ్డ దోహా పక్కనే ముఐథర్‌ల ఉంటది. తండ్రి దగ్గరనే పడవ నడుపుడు నేర్చింది, లైసెన్సు గూడ ఉన్నది. "కార్ల పోదాం అత్తమ్మా, గంటల పోతం. నీకు నీళ్ళంటే పడదు గద" అన్నది. నాకూ అదే బాగనిపించింది. సరే అని గూడ అన్న. తర్వాత పనిల చెయ్యి ఆడలే. ఆ పెద్దాయన కండ్లు సముద్రం దిక్కుంటయి. మేము రోడ్డు మీంచి ఆయన వెనకకు పోయి, భుజం తట్టి చెప్పే మాటనా అది?

"పడవలనే పోదాం బిడ్డా" అన్న. యజమానిని అడిగితే ఆయన వద్దనలే.

శుక్రవారం బయలుదేరినం. డీజిల్ సరిపోతదా, కాయితాలు పెట్టుకున్నవా, ఆ మబ్బేంది అని దారంత అడుగుతనే ఉన్న.

"అది మబ్బు కాదు అత్తమ్మా, నీ కండ్లద్దాల మీద దుమ్ము."

మంగళవారం నుంచి పిల్ల నవ్వుడు అదే మొదటిసారి. నేను అద్దాలు కొంగుతోని తుడుచుకున్న.

అల్ ఖోర్ దగ్గరవడ్డది. ఒడ్డు మీద పెద్దాయన లేచి చెయ్యి ఊపిండు. పడవ ఒడ్డుకొస్తుంటే బిడ్డను చూసిండు, నన్ను చూసిండు, మల్ల లోపలికి తొంగి చూసిండు. ఊపే చెయ్యి ఆగిపోయింది. నేను దారంత కూడబెట్టుకున్న హిందీ ఒక్క ముక్క రాలే. రెండు చేతులు జోడించిన, అంతే. ఆయన కండ్లు మూసుకోని నిలబడ్డడు. తర్వాత వంగి తాడందుకొని, మా పడవను కట్టిండు.

వదిన పంపిన డబ్బా ఇచ్చిన. ఆయన తినలే, ఒళ్ళె పెట్టుకున్నడు. మేము లేచే ఏళ మాత్రం మూత తీసి, వేలు ముంచి నోట్లె పెట్టుకున్నడు. కండ్లల్ల నీళ్ళు కారుతుండంగనే తల ఊపిండు.

"అగ్లా జుమ్మా?" అనడిగిండు. వచ్చే శుక్రవారం వస్తరా అని. బిడ్డ నా దిక్కు చూసింది.

"వస్తం" అన్న. నేనే అన్న. ఆయనకు తెలిసేతట్టు తల గూడ గట్టిగ ఊపిన.

పడవ కదిలితే ఆయన ఒడ్డు వెంబడి మా పక్కనే నడిచిండు. ఇసుక అయిపోయినకాడ ఆగుతడనుకున్న. ఆగలే. లుంగీ ఎత్తి పట్టుకోని నీళ్ళల్లకు దిగిండు. నీళ్ళు మోకాళ్ళు దాటినంక కొసలు వదిలేసి రెండు చేతులు ఊపిండు. లుంగీ ఆయన చుట్టు నీళ్ళ మీద గుండ్రంగ విచ్చుకున్నది.